కోలుకుంటున్న బాల్ పైథాన్‌కు తొలి మేత: ముందు చూసుకోవాల్సినవి

ఇది ఊపిరితిత్తుల జబ్బు నుంచి కోలుకుంటున్న బాల్ పైథాన్ అనే విదేశీ పాము సంగతి. మన జెర్రిపోతును ఇంట్లో పెంచితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

పాము నోట్లోంచి బుడగలు రావడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం పూర్తిగా తగ్గాయా? లేదంటే మేత ఊసే వద్దు.

పాముండే పెట్టెలో వెచ్చటి మూల 31–32 డిగ్రీల సెల్సియస్ ఉందో లేదో థర్మామీటర్‌తోనే చూడండి. కోనసీమ ముసుర్లో కరెంటు పోతే పెట్టె చల్లబడి, తిన్న ఎలుక అరక్క కుళ్లుతుంది, పాము కక్కేస్తుంది. కక్కితే మళ్లీ రెండు వారాలు ఆగాల్సిందే.

ఎప్పుడూ పెట్టే సైజులో సగం ఎలుక చాలు. ఫ్రీజర్‌లోంచి తీసినదైతే, కరిగాక ఎలుక పొట్ట నొక్కండి. గట్టిగా తగిలిందా, లోపలింకా మంచు కరగనట్టే.

చేలో పట్టిన ఎలుక ఎంత బలిసినా వద్దు: జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు కలిపిన ఎర తిని ఉండొచ్చు.

తిన్నాక పామును 48 గంటలు ముట్టుకోకండి.