కోళ్లు తగ్గిపోతున్నాయా? గూడు కాదు, ముందు దొడ్డి చూడండి

కోళ్లు పోతుంటే చాలామంది గూటికి ఇంకో తాళం వేస్తారు. కానీ గూడు కాపాడేది రాత్రిపూటే. పగలంతా వాటికి దిక్కు చుట్టూ, పైన జాలీ కట్టిన దొడ్డే. ఏది ఎత్తుకుపోయిందో ఆనవాళ్లు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

సమస్య: పట్టపగలు కోడిపిల్లలు మాయం, రక్తపు చుక్క లేదు
పైన కప్పు లేకపోతే ముందు గద్దనో కాకినో అనుమానించండి. పెద్ద పెట్టను గద్ద తన్నితే ఒకేచోట ఈకలు కుప్పగా పడి ఉంటాయి. దొడ్డి పైన వల బిగుతుగా కట్టండి.

సమస్య: కోడి లోపలే చచ్చి ఉంది, తల లేదు
జాలీకి ఆనుకుని పడుకున్న కోడిని బయటినుంచి ఏదో జంతువు లాగిందన్నమాట. ఆరు పలకల కోళ్ల జాలీ కోళ్లను లోపల ఉంచుతుందే తప్ప కుక్కను ఆపలేదు, పళ్లతో చింపేస్తుంది. అరంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ (తీగలు ఒకదానికొకటి అతికించిన గట్టి జాలీ) వేయండి. మొత్తం వేసే స్తోమత లేకపోతే కనీసం కింది రెండు మూడు అడుగులైనా. కోళ్లు ఎక్కి కూర్చునే కర్ర జాలీకి దూరంగా ఉండాలి.

సమస్య: జాలీ కింద గొయ్యి
అందరూ వదిలేసేది ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. గొయ్యి పూడ్చి రాయి పెడితే మర్నాడు పక్కన తవ్వుతాయి. దానికి బదులు ఒకటిన్నర అడుగు వెడల్పు మెష్‌ను దొడ్డి చుట్టూ బయటివైపు నేలమీద పరచండి. లోపలి అంచును నిలువు జాలీకి తీగతో కుట్టి, బయటి అంచుకు మేకులు దిగ్గొట్టి, పైన మట్టి కప్పండి. కుక్కయినా ముంగిసయినా సరిగ్గా జాలీ మొదట్లోనే గోకుతుంది. అక్కడ కాలికి తీగ తగులుతుంది. అడుగున్నర వెనక్కి వెళ్లి తవ్వాలని దానికి తట్టదు. గడ్డి మొలిచాక మెష్ కనపడదు కూడా.

సమస్య: గుడ్లు పెంకుతో సహా పోతున్నాయి
పాము మింగుతుంది, లేదా ఎలుకలు లాక్కుపోతాయి. రాత్రి దాణా బయట ఉంచితే ఎలుకలొస్తాయి, వాటి వెనకే పాము వస్తుంది. దాణా మూతున్న డబ్బాలో పెట్టండి. గుడ్లు సాయంత్రంలోపే తీసేయండి. అరంగుళం మెష్‌లోంచి కూడా సన్నటి పాము దూరగలదు, కాబట్టి జాలీ వేశాం కదా అని ఈ జాగ్రత్త మానొద్దు.

తలుపుకు ఊరికే తోస్తే తెరుచుకునే గొళ్లెం వద్దు, ఎత్తి తిప్పాల్సినది పెట్టండి. చీకట్లో కోళ్లకు సరిగ్గా కనపడదు, పారిపోలేవు. అందుకే పొద్దుగూకగానే లెక్కపెట్టి గూట్లోకి చేర్చాలి.

సమస్య: ఏదీ పోలేదు, కానీ ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటున్నాయి
ఎక్కువసార్లు ఇరుకే కారణం. కోడికి పది చదరపు అడుగుల చోటు, ఒక మూల పొర్లాడడానికి పొడి మట్టి ఉండేలా చూడండి. నేల తడిగా ఉంటే నీళ్లు పోయే దారి చేసి మట్టి ఎత్తు పెంచండి. తడినేలలో పిల్లలకు రక్తపు రెట్ట పడితే అది కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు కావచ్చు. ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.