కొరియర్ సంస్థ అధికారి పదవీ విరమణ: సన్మాన పత్రం, సభ ఏర్పాట్లు

పార్సిళ్లను ఊళ్లవారీగా వేరుచేసే సార్టింగ్ బల్ల దగ్గర ఉద్యోగం మొదలుపెట్టి రీజనల్ మేనేజరుగా విరమణ చేస్తున్న అధికారికి సన్మానం తలపెట్టినప్పుడు, శాలువా, దండ, జ్ఞాపిక ముందురోజు తెచ్చుకున్నా సరిపోతాయి గాని, సన్మాన పత్రానికి కావలసిన సమాచారం అప్పటికప్పుడు దొరకదు. నెల రోజుల ముందే ఆ బాధ్యతను ఒకరికి అప్పగించాలి.

చేరిన తేదీ, బదిలీలు, పదోన్నతులు హెచ్‌ఆర్ విభాగంలో దొరుకుతాయి. మిగతాది ఆయన దగ్గర పనిచేసిన డెలివరీ బాయ్‌లు, వ్యాన్ డ్రైవర్లు, ఫ్రాంచైజీ యజమానుల నుంచి రాబట్టాలి. "సారు ఎలాంటివారు?" అని అడిగితే "చాలా మంచివారండీ" అని ఊరుకుంటారు. "పార్సిల్ పోయిన రోజున సారు ఏం చేశారు?" అని అడిగితే అసలు సంగతులు వస్తాయి. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు, ఆయన ఆ ప్రాంతాల్లో ఉండి ఉంటే, బ్రాంచి ఎలా నడిచిందో, సిబ్బంది కుటుంబాలను ఎవరు పట్టించుకున్నారో తప్పక కనుక్కోవాలి.

పత్రాన్ని "కార్యదక్షా!", "సేవాతత్పరా!" వంటి సంబోధనలతో విభజించి, ఆయననే ఉద్దేశించి రాయడం మన ఆనవాయితీ, దానిని నిలుపుకోవచ్చు. అజాతశత్రువు, మృదుభాషి, నిరాడంబరులు అనే విశేషణాలను మాత్రం తగ్గించాలి. పేరు మార్చితే అవి ఎవరికైనా అతుకుతాయి. వాటి స్థానంలో, విచారించి నిజమని తేలితే, ఇలా రాయవచ్చు: "చేతితో రాసిన డెలివరీ జాబితాల (రన్‌షీట్ల) కాలం నుంచి ఓటీపీ చెబితేనే పార్సిల్ అందించే కాలం దాకా, పోయిన సరుకు విలువను డెలివరీ బాయ్ జీతంలో కోయనివ్వక, బ్యాగు ఏ సార్టింగ్ హబ్బులో తెగిందో ముందుగా తేల్చమన్నారు మీరు."

సమాజసేవ గురించి రాసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సీఎస్‌ఆర్‌కు, అంటే కంపెనీ సామాజిక బాధ్యత పనులకు, వెచ్చించాలి. ఆ ఖర్చును అధికారి సొంత దాతృత్వంగా చూపడం ఆయనకే ఇబ్బంది. రక్తదాన శిబిరాల వివరాలను బ్లడ్ బ్యాంకులో సరిచూసుకోవాలి. ఆయన ఫీజు కట్టి చదివించిన పిల్లలుంటే, వారి అనుమతి లేకుండా పేర్లు చదవకూడదు, వేదిక ఎక్కించకూడదు.

ఉదయం బ్యాగులు దిగే వేళ, సాయంత్రం బుకింగులు ముగిసే వేళ పనివారెవరూ కదలలేరు కనుక సభను ఆదివారం మధ్యాహ్నం పెట్టడం మేలు. దసరా, దీపావళి రద్దీలో పెట్టడం అసలే తగదు. దంపతులిద్దరినీ వేదికపై కూర్చోబెట్టి, మొదటి మాట ఒక డెలివరీ బాయ్‌తో చెప్పించాలి. పెద్దలు ముందు మాట్లాడితే అతనికి సమయం మిగలదు. పత్రం ఫ్రేము కట్టించే ముందు ఇంటిపేరు, ఇనీషియళ్లు ఇంటివారికి చూపించి సరిచేసుకోవాలి.

ఇక గ్రాట్యుటీని విరమణ తర్వాత 30 రోజుల్లోగా చెల్లించవలసి ఉంటుంది కాబట్టి, ఆ కాగితాలనూ పీఎఫ్ పత్రాలనూ సభకు ముందే సిద్ధం చేయించడం మంచిది.