పాత కారు ఆలస్యంగా స్టార్ట్ అవుతోందా? ముందు సెల్ఫ్ శబ్దం వినండి

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు పొద్దున్నే ఒక పట్టాన స్టార్ట్ కాకపోతే చాలామంది మొదట బ్యాటరీ మారుస్తారు, ఆ తర్వాత సెల్ఫ్ మోటారు, అప్పటికీ కుదరకపోతే స్పార్క్ ప్లగ్గులు. ఇలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే అసలు లోపం దొరికేలోగా వేల రూపాయలు ఖర్చయిపోతాయి. నిజానికి ‘ఆలస్యంగా స్టార్ట్ అవుతోంది’ అనే మాట వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లోపాలు ఉంటాయి. సెల్ఫ్ మోటారు ఇంజన్‌ను తిప్పలేక ఈడ్చుకుంటూ తిరగడం మొదటిది. సెల్ఫ్ చురుగ్గానే తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోవడం రెండోది. మొదటిదానికి కారణాన్ని ప్రధానంగా కరెంటు ప్రవహించే దారిలో వెతకాలి, రెండోదానికి ఇంధనంలోనూ స్పార్క్‌లోనూ వెతకాలి.

అందువల్ల రాత్రంతా కదలకుండా ఉన్న కారును ఉదయం స్టార్ట్ చేస్తూ, ఆ శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసుకోండి. కారు ఇంకా కొనకముందే ఈ పరీక్ష చేస్తున్నట్లయితే, మీరు వెళ్లేసరికి అమ్మేవారు ఇంజన్‌ను వేడి చేసి ఉంచలేదని బానెట్‌పై చెయ్యి పెట్టి నిర్ధారించుకోండి. పరీక్షలన్నిటికీ ముందు గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చేతి ఉంగరాలు తీసి పక్కన పెట్టండి.

సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంటే

కావలసిందల్లా ఒక మామూలు మల్టీమీటరు, తాళం తిప్పడానికి తోడుగా ఒక మనిషి. ఇంజన్ ఆపి కొన్ని గంటలు గడిచాక బ్యాటరీ టెర్మినళ్ల మధ్య 12.6 వోల్టులు చూపిస్తే చార్జి నిండుగా ఉన్నట్టు, 12.2 చూపిస్తే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టు. ఖాళీ అయిన బ్యాటరీని పూర్తిగా చార్జి చేయించకుండా దాని బాగోగులను తేల్చకూడదు. చార్జి నిండాక సెల్ఫ్ కొడుతూ మళ్లీ మీటరు చూడండి. వోల్టేజీ 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ శక్తి తగ్గి ఉండాలి, లేదా సెల్ఫ్ మోటారు లోపల పట్టేసి అతిగా కరెంటు లాగుతూ ఉండాలి. మరొక కారు బ్యాటరీతో జంపర్ కేబుల్ కలిపినప్పుడు చురుగ్గా తిరిగితే లోపం బ్యాటరీదే.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతున్నా బ్యాటరీ వోల్టేజీ 10.5కు పైనే నిలిచి ఉంటే పరిస్థితి వేరు. బ్యాటరీలో బలం ఉంది కానీ అది మోటారుకు చేరడం లేదని దాని అర్థం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నేను కొన్న పాత కారుకు మునుపటి యజమాని రెండేళ్లలో రెండు బ్యాటరీలు మార్పించారు, అయినా సమస్య అలాగే నాదాకా వచ్చింది. మీటరు నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ స్తంభంపైన, ఎర్ర తీగను ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన లోహం పైన ఆనించి సెల్ఫ్ కొట్టినప్పుడు 0.9 వోల్టులు కనిపించాయి, అది 0.2 దాటకూడదు. బ్యాటరీ నెగటివ్‌ను ఇంజన్‌కు కలిపే ఎర్త్ వైరు బోల్టు కింద పేరుకున్న తుప్పును గరుకు కాగితంతో రుద్ది బిగించాక ఆ కారు ఒక్క క్షణంలో అందుకుంది. పాజిటివ్ వైపు కూడా ఇదే విధంగా, బ్యాటరీ స్తంభం నుంచి సెల్ఫ్ మోటారు పెద్ద టెర్మినల్ వరకు చూడాలి, అక్కడ 0.5 వోల్టు దాటితే కేబులో, బిగింపో లోపభూయిష్ఠంగా ఉన్నట్టు. టెర్మినళ్లు విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్ అనే వరుస తప్పకూడదు.

రెండు వైపులా కొలతలు సరిగ్గా ఉంటేనే సెల్ఫ్ మోటారును విప్పించండి. చాలాసార్లు కార్బన్ బ్రష్షులు, బుష్షులు అరిగి ఉంటాయి. వాటిని మార్చగల ఆటో ఎలక్ట్రీషియన్ దొరికితే కొత్త మోటారు అవసరం రాదు.

బ్యాటరీ మంచిదే అయినా రెండు రోజులు ఆపితే డౌన్ అవుతుంటే రెండు విషయాలు చూడాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. లేకపోతే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరుదో, దాని బెల్టుదో లోపం. అది బాగుంటే, కారు లాక్ చేసి అరగంట ఆగాక కూడా బ్యాటరీ నుంచి 50 మిల్లీఆంపియర్ల కంటే ఎక్కువ కరెంటు పోతోందేమో కొలిపించండి. పాత కార్లలో తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టం, జీపీఎస్ పెట్టె వంటివి నేరుగా బ్యాటరీకి కలిపి ఉండటం మామూలే.

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే

పెట్రోలు కారులో తాళాన్ని సెల్ఫ్ వరకు తిప్పకుండా ఆన్‌లో రెండు సెకన్లు ఉంచి ఆపండి. ఆ సమయంలో ట్యాంకు వైపు నుంచి పంపు సన్నని శబ్దం వినిపించాలి. అలా మూడుసార్లు చేసి, తర్వాత స్టార్ట్ చేయండి. వెంటనే అందుకుంటే, రాత్రి నిలవాల్సిన ఇంధన పీడనం జారిపోతోందని అనుమానించాలి. పంపులోని వాల్వు గానీ, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కారడం గానీ అందుకు కారణం కావచ్చు. ఉదయం బాగానే స్టార్ట్ అయి, వేడిగా ఉన్నప్పుడు ఇరవై నిమిషాలు ఆపాక మొండికేస్తే, యాక్సిలరేటరును పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టి చూడండి. పెట్రోలు వాసనతో అందుకుంటే ఇంజెక్టరు కారుతోందని అనుమానించాలి. అప్పుడు కూడా అందుకోకపోతే, కారు కంప్యూటరులోని సమాచారాన్ని చూపించే ఓబీడీ స్కానరులో సెల్ఫ్ తిరుగుతున్నప్పటి ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూడాలి. అది సున్నా చూపిస్తుంటే ఇంజన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సరు వేడికి పనిచేయడం మానుతోందని అనుమానించవచ్చు. అదే స్కానరులో తెల్లవారుజామున కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత బయటి వాతావరణానికి దగ్గరగా ఉండాలి. చల్లటి ఇంజన్‌కు 90 డిగ్రీలు చూపిస్తుంటే, కంప్యూటరు చాలినంత పెట్రోలు పంపదు. ఆ ఉష్ణోగ్రత సెన్సరు మారిస్తే సరిపోతుంది.

సీఎన్‌జీ కార్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వీటిలో చాలావరకు పెట్రోలుపైనే స్టార్ట్ అయి తర్వాత గ్యాసుకు మారతాయి. ఖర్చు తగ్గించుకోవాలని ట్యాంకును ఏళ్ల తరబడి దాదాపు ఖాళీగా ఉంచితే, పెట్రోలులో మునిగి చల్లబడాల్సిన పంపు వేడెక్కి నీరసిస్తుంది, అడుగున మిగిలిన పాత పెట్రోలు చెడిపోతుంది. ఇలాంటి కారు కొంటే పంపు పీడనం కొలిపించి, ఎప్పుడూ పావు ట్యాంకు ఉంచి, వారానికి కొన్ని కిలోమీటర్లు పెట్రోలుపై నడపండి.

ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ ఎప్పుడు మార్చారో, శుభ్రం చేశారో రికార్డు లేకపోతే వాటిని ఒకసారి చూపించుకోవడమే మంచిది.

డీజిల్ కారు చలికాలంలో మాత్రమే, అంటే ఆదిలాబాద్ వైపో లంబసింగి వైపో తెల్లవారుజామున మాత్రమే ఇబ్బంది పెడుతుంటే, స్టార్ట్ చేసే ముందు ఇంజన్ లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులను పరీక్షించాలి. మండు వేసవిలో కూడా అదే ఇబ్బంది ఉంటే ముందుగా వాటిని అనుమానించనక్కరలేదు. డీజిల్‌ను ముందుకు తోయడానికి చేత్తో నొక్కే ప్రైమింగ్ పంపు ఉన్న కారులో దాన్ని గట్టిపడే వరకు నొక్కాక వెంటనే స్టార్ట్ అయితే, ఫిల్టరు దగ్గరో పైపు బిగింపుల దగ్గరో గాలి చొరబడుతోంది. ఫిల్టరు సీలు, క్లిప్పులు మార్పించాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కారు అందుకోవడం లేదంటే సిలిండర్లలో గాలి ఎంత ఒత్తిడికి చేరుతోందో కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించాలి. సిలిండర్ల మధ్య తేడా ఎక్కువగా కనిపిస్తే రింగులో వాల్వులో అరిగి ఉండవచ్చు కనుక, ఇంకా కొనని కారైతే ఇంజన్ పని ఖర్చు ఎంతవుతుందో తెలుసుకుని, ధరలో ఆ మేరకు తగ్గించకపోతే వదిలేయండి.