మోకాలి ఆపరేషన్ అయ్యాక ముందు కాలు చాపించండి: ఇంట్లోవాళ్ళు చేయాల్సిన పని

మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వ్యాయామం చేయించడం నా పని. కందుకూరు, సింగరాయకొండ, టంగుటూరు, కావలి, వీటి మధ్య పల్లెలు నేను తిరిగే ఊళ్ళు. ఆపరేషన్ ఒంగోల్లోనో నెల్లూరులోనో చెన్నైలోనో అవుతుంది. కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపేస్తారు. అసలు ఫలితం తేలేది అక్కడి నుంచే. ఎక్స్‌రే బాగుండి, కుట్లు చక్కగా మాని, మూడు నెలల తర్వాత కూడా కుంటుతున్నవాళ్ళను చూస్తుంటాను. వాళ్ళలో చాలామందికి కాలు పూర్తిగా చాపడం రాదు. చుట్టాలంతా వచ్చి "ఎంత వంగుతుందమ్మా?" అనే అడుగుతారు. ఎంత చాపగలుగుతున్నారని ఎవరూ అడగరు. పెద్దవాళ్ళకు ఆపరేషన్ చేయించబోతున్న కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఆపరేషన్లో ఏం మారుస్తారో ముందు తెలుసుకోండి. తొడ ఎముక చివర అరిగిన భాగం చెక్కేసి లోహపు తొడుగు వేస్తారు. ఎక్కువగా అది కోబాల్ట్ క్రోమియం. కింది ఎముక మీద లోహపు పళ్ళెం, ఆ రెంటి మధ్య పాలిథిలీన్ దిమ్మ ఉంటాయి. చుట్టూ ఉండే కండరాలు మాత్రం పాతవే. పదేళ్ళుగా సగం వంచి నడిచిన కాలైతే వెనక కండరాలు పొట్టిగా బిగుసుకుపోయి ఉంటాయి. కొత్త కీలు పెట్టగానే అవి సాగవు. ఆపరేషన్‌కు ముందు కాలు ఎంత కదిలేదో, తర్వాత ఎంత కదులుతుందనేది చాలావరకు దాన్ని బట్టే ఉంటుంది. అందుకే తేదీ ఖాయం కాగానే నన్ను పిలవమంటాను. ఆ కొద్ది వారాల్లో తొడ కండరం గట్టిపరిస్తే తర్వాత పని తేలికవుతుంది.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు వాళ్ళకు ఇంకో సంగతి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లో తొలిసారి వైద్య పత్రికకెక్కింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. ఈ తాలూకాలు అప్పట్లో ఆ జిల్లాలోనివి. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగినవాళ్ళకు ఎముకలు చిక్కబడతాయి, కీళ్ళ చుట్టూ ఉండే నరాల్లాంటి పట్టీలు గట్టిపడతాయి. నడుము, మెడ కూడా బిగుసుకుంటాయి. అలాంటి పెద్దవాళ్ళు ఉంటే, ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు ఉన్నారో డాక్టరుకు మీరే చెప్పండి. ఎంతవరకు వంగుతుందని ఆశించవచ్చో ముందే అడిగి తెలుసుకోండి. వాళ్ళను పక్కింటివాళ్ళ కాలితో పోల్చకండి.

ఆపరేషన్‌కు ముందే ఇంట్లో చేయాల్సిన పనులున్నాయి. నేల మరుగుదొడ్డి ఉంటే కమోడ్ కుర్చీ తెచ్చిపెట్టండి. నులక మంచం పక్కన పెట్టి, గట్టి మంచం, చేతులున్న ఎత్తైన కుర్చీ సిద్ధం చేయండి. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చాకే వెళ్ళండి. పుచ్చిన పన్ను, కాలి మీద పుండు, మూత్రంలో మంట ఉంటే దాచకుండా చెప్పండి. ఎక్కడున్న ఇన్ఫెక్షనైనా రక్తం ద్వారా కొత్త కీలుకు చేరగలదు.

ఇంటికి తెచ్చిన రోజు నేను మొదట వెతికేది మోకాలి కింద దిండు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. హాయిగా ఉంటుందని ప్రేమతో పెడతారు. అది తీసేయండి. వంగిన స్థితిలోనే రోజంతా ఉంటే మోకీలు వెనక భాగం అలాగే బిగుసుకుంటుంది. టవల్ గట్టిగా చుట్టి మడమ కింద పెట్టండి, మోకాలి కింద ఖాళీగా వదిలేయండి. కాలి బరువుకు మోకాలు తనంతట తాను కిందికి సాగుతుంది. మొదట అయిదు నిమిషాలు కూడా ఓర్చుకోలేరు. మెల్లగా పది, పదిహేను నిమిషాలకు పెంచుతూ రోజుకు మూడు నాలుగుసార్లు చేయించండి.

దాంతోపాటు, కాలు చాపి పడుకోబెట్టి, మోకాలి కింద మీ చెయ్యి పెట్టి "నా చెయ్యి నొక్కమ్మా" అనండి. తొడ కండరం బిగించి అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కాలి. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పదిసార్లు చేయించండి. చూడటానికి చిన్నదే గానీ దీనికి మించిన వ్యాయామం లేదు. మొదటి నెలలో తొడ కండరం సగానికి పైగా బలం కోల్పోతుంది. చివరి పది డిగ్రీలు చాపలేకపోతే, నిలబడ్డప్పుడల్లా ఆ నీరసపు కండరమే ఒళ్ళంతా మోయాలి. కాలు పొట్టిదైనట్టు నడుస్తారు, ఆ తర్వాత నడుము నొప్పి మొదలవుతుంది.

కొలత మీరే తీయవచ్చు. గట్టి మంచం మీద కాలు చాపించి, మోకాలి వెనకకూ మంచానికీ మధ్య ఎన్ని వేళ్ళు దూరుతున్నాయో చూడండి. మూడు వేళ్ళు దూరే సందు రెండుకు, ఒకటికి తగ్గుతూ రావాలి. వంగడానికైతే, కుర్చీలో కూర్చోబెట్టి పాదం ఎంత వెనక్కు జరుగుతుందో నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. కుర్చీ ఎప్పుడూ ఒకే చోట ఉండాలి, పిరుదు లేవకూడదు. ఎప్పటి గీత పక్కన అప్పటి తేదీ వేయండి. గీత వెనక్కు జరుగుతుంటే పెద్దవాళ్ళకు ధైర్యం వస్తుంది.

వంగడానికి మంచి కాలి మడమను ఆపరేషన్ కాలి ముందు ఆనించి మెల్లగా వెనక్కు నెట్టమనండి. నొప్పి మాత్ర డాక్టరు రాసినదే, వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు వేయండి. మాత్రలు మంచివి కావని మానేసి పళ్ళు బిగబట్టుకుని చేసేవాళ్ళున్నారు, వాళ్ళకు కండరం వదులు కాదు. అయ్యాక ఐసు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి. మామూలు నడకకు అరవై, డెబ్బై డిగ్రీలు చాలు. మెట్లకు, కుర్చీలోంచి లేవడానికి తొంభై, కొంచెం పైన కావాలి. రెండు వారాలకు తొంభై దగ్గరకు వస్తే బాగున్నట్టే. ఆరు వారాలకూ తొంభై రాకపోతే ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరకే వెళ్ళండి. మత్తిచ్చి వంచే పద్ధతి ఉంది, అది మొదటి మూడు నెలల లోపైతేనే బాగా పనిచేస్తుంది. కాలిని దానంతటదే వంచే మిషన్ అద్దెకు తెచ్చుకోమని కొందరు చెబుతారు. దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని పరిశోధనల్లో తేలింది. ఆ డబ్బు మంచి కుర్చీకి పెట్టండి.

నూనె రాసి పట్టేవాళ్ళను పిలిపించవద్దు. బలవంతంగా వంచితే మోకాలి పైన కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ తెగిన సందర్భాలున్నాయి. పిక్క అసలు పిసకవద్దు. అక్కడ రక్తం గడ్డకట్టి ఉంటే, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. పిక్క వాచి నొప్పెడుతుంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే క్షణం ఆగకుండా 108కు ఫోన్ చేయండి. గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు రాసినన్ని రోజులూ వేయించండి.

మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. కర్ర ఆపరేషన్ కాలికి ఎదురు చేతిలో ఉండాలి. మాలకొండ మెట్లెక్కి నరసింహస్వామిని చూడాలని ఈ ప్రాంతపు పెద్దవాళ్ళకు ఉంటుంది. వద్దని కొట్టేయకండి. ఇంటి మెట్లు కర్ర లేకుండా ఎక్కి దిగగలిగాక, డాక్టరు సరేనన్నాక ఏదో ఒక శనివారం తీసుకెళ్ళవచ్చు. గొంతుక్కూర్చునే పనులు మాత్రం తిరిగి మొదలుపెట్టనివ్వవద్దు. టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్‌కు వెళ్ళే ఆడవాళ్ళకు ఇది చాలా కష్టమైన మాటని నాకు తెలుసు, అది వాళ్ళ కూలి. పీటకు బదులు ఎత్తు స్టూలు, ముందు బల్ల ఉండే పని ఇప్పించమని యజమానిని మీరే వెళ్ళి అడగండి.

మోకాలు ఆరు నెలల దాకా కాస్త వేడిగా, వాపుగా ఉండవచ్చు. టక్ టక్ మంటుంది, లోహం ప్లాస్టిక్‌కు తగిలే శబ్దం అది. కుట్టుకు బయటి వైపు తిమ్మిరిగా ఉంటుంది, కొందరికి అది ఎప్పటికీ పోదు. మొదటి వారాల్లో నిద్ర పట్టక ఏడ్చేవాళ్ళున్నారు, పక్కన ఒకరు పడుకోండి. వీటికి టెన్షన్ పడక్కర్లేదు. తగ్గుతున్న నొప్పి తిరిగి పెరిగినా, గాయం నుంచి రసి కారినా, జ్వరంతో పాటు మోకాలు ఎర్రబడినా ఊరుకోవద్దు. అప్పుడు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయించి, తగ్గకపోతే వెళ్దామనుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. మందు పడ్డాక కీలులోని నీరు తీసి పరీక్షించినా ఏ క్రిమో తేలకపోవచ్చు, చికిత్స దారి తప్పుతుంది. ఏళ్ళు గడిచాక కూడా ఇదే జాగ్రత్త. పొలానికి చెప్పుల్లేకుండా పంపవద్దు.

డిశ్చార్జి ఫైలులో కొత్త కీలు స్టిక్కర్లు అంటించి ఇస్తారు, కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉంటాయి. ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. ఎప్పుడైనా మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వస్తే ఆ వివరాలు కావాలి. బిల్లులో కీలు ధర విడిగా చూపించమనండి. 2017 ఆగస్టులో కేంద్రం ఈ ధరలకు పరిమితి పెట్టింది, మామూలు కోబాల్ట్ క్రోమియం కీలుకు అప్పుడు పెట్టింది జీఎస్టీ కాక 54,720 రూపాయలు.

కీలు ఎన్నాళ్ళు వస్తుందని అందరూ అడుగుతారు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం 100లో దాదాపు 82 కీళ్ళు 25 ఏళ్ళు నిలిచాయి. లోహం సంగతి అది. రెండో మోకాలికి ఎప్పుడు వెళ్ళాలని అడిగితే మాత్రం, మొదటి కాలు వేలు దూరకుండా మంచానికి ఆనేదాకా ఆగమంటాను. ఆ లోపు రెండో కాలికీ నొక్కే వ్యాయామం మొదలుపెట్టించండి.