తుపాను గాలి మొదలయ్యేలోపు పిల్లిని బుట్టలో పెట్టడం ఎలా?

బంగాళాఖాతంలో వాయుగుండం తుపానుగా మారిందన్న వార్త రాగానే ఇంట్లోకి కొవ్వొత్తులు, బియ్యం, పాల ప్యాకెట్లు వచ్చేస్తాయి. పిల్లి మాత్రం గాలి హోరు మొదలయ్యాకే గుర్తొస్తుంది. అప్పటికి అది దివాన్ కాట్ కిందో, ఫ్రిజ్ వెనకో, అటక మీద సామాన్ల సందులోనో దూరి ఉంటుంది. ఎంత పిలిచినా రాదు. దాన్ని బుట్టలో పెట్టాల్సింది గాలికి ముందే. ఇది కుదిరితే మిగతావన్నీ తేలిక.

ముందురోజు సర్దుకోవాల్సినవి

బుట్టగా గట్టి ప్లాస్టిక్ క్యారియర్ కావాలి, అంటే పిల్లిని పెట్టి మోసుకెళ్లే, తలుపున్న పెట్టె. జిప్పున్న గుడ్డ సంచులు పనికిరావు, జిప్పు కొసన ముక్కు దూర్చి తోసుకుని వచ్చేస్తుంది. క్యారియర్ లేకపోతే పండ్ల దుకాణంలో రెండు ప్లాస్టిక్ క్రేట్లు అడిగి తెచ్చి, ఒకదాని మీద ఒకటి బోర్లించి, ఒక్కో వైపు రెండు చోట్ల ప్లాస్టిక్ ట్యాగులతో బిగించండి. ముందు ఒక పొడుగు వైపు మాత్రమే బిగించండి, మిగతా మూడు వైపుల ట్యాగులు పిల్లి లోపలికి వెళ్లాకే.

నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్లు, 50-60 గ్రాముల పొడి మేత లెక్కన వారానికి సరిపడా పక్కన పెట్టండి. పాలను నమ్ముకోవద్దు. కరెంటు పోతే విరుగుతాయి, పైగా చాలా పిల్లులకు పడవు. దొడ్డికి ఒక బేసిను, రెండు బకెట్ల పొడి ఇసుక. వాన పట్టుకున్నాక ఊరంతా తిరిగినా పొడి ఇసుక దొరకదు.

గది ఇంటి మధ్యలోది, కిటికీ లేనిది అయితే మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు అపార్ట్‌మెంట్లలో కిటికీ అద్దాలు పగిలి గదుల్లోకి ఎగిరిపడ్డాయి. బాత్రూమ్‌లో ఉంచేట్టయితే గాజు పలకల వెంటిలేటర్‌కు అట్ట కట్టండి.

బుట్టలో పెట్టడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. తల ముందు పెట్టి తోస్తారు. పిల్లి ముందు కాళ్లు రెండూ చాచి క్యారియర్ అంచుకు ఆనిస్తుంది. ఇంకా నెడితే ఒళ్లు మెలితిప్పి, వెనక్కి తిరిగి కరుస్తుంది. ఒకసారి అలా అయ్యిందంటే ఆ రోజుకు అది మళ్లీ చేతికి రాదు.

తోక ముందు వెళ్లాలి. వేరే పద్ధతి లేదు.

ముందు గది తలుపు వేయండి. మంచం కింద, బీరువా వెనక సందులు దిండ్లతో మూసేయండి. క్యారియర్‌ను నిలువుగా, నోరు పైకి ఉండేలా గోడకు ఆనించి పెట్టండి. అడుగున అది రోజూ పడుకునే గుడ్డే వేయండి, ఉతికింది కాదు. ఇవన్నీ అయ్యాకే పిల్లిని ఆ గదిలోకి తీసుకురండి. వెనక నుంచి వెళ్లి, పాత స్నానం తువ్వాలు వీపు మీదుగా కప్పి, ముందు కాళ్లు రొమ్ముకు ఆనేలా చుట్టండి. దుప్పటి వద్దు, మందంగా ఉంటే కాళ్లెక్కడున్నాయో చేతికి తెలియదు. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద. మెడ పట్టుకుని వేలాడదీయకండి. పిల్లకూనకు అది సరిపోతుందేమోగానీ, పెద్ద పిల్లికి బరువంతా మెడ చర్మం మీద పడి నొప్పి, భయం.

వెనక కాళ్లు ముందు దిగాలి, ఆ తర్వాత నడుము, చివర తల. తువ్వాలును లోపలే వదిలేయండి. దాన్ని లాగబోతేనే పిల్లి కూడా వెంట వచ్చేస్తుంది. తలుపు గడియ పడిన చప్పుడు విన్నాకే క్యారియర్‌ను మెల్లగా అడ్డంగా వంచండి, అది కాళ్లు సర్దుకోవడానికి వీలుగా. క్రేట్లయితే ట్యాగులు వేయని పొడుగు వైపు పైకి ఉండేలా నిలబెట్టి, ఇదే పద్ధతిలో దించండి.

చేయి జారి పారిపోతే తరమకండి. ఇరవై నిమిషాలు గది వదిలేసి మళ్లీ రండి. కరిస్తే గాయాన్ని పావుగంట సేపు సబ్బుతో, ధారగా పారే నీటితో కడిగి, రేబిస్ టీకాకు వెళ్లాల్సిందే. పెంపుడుదే కదా అని ఊరుకోవద్దు.

గోనె సంచిలో వేసి మూతి కట్టే అలవాటు ఇంకా ఉంది. తడిస్తే గోనె అల్లిక బిగిసి గాలి ఆడదు, లోపల పిల్లి ఎలా ఉందో కనబడదు. మనుషుల నిద్రమాత్ర ముక్క వేయడం ఇంకా ప్రమాదం. మరీ బెదిరే పిల్లి అయితే ముందుగానే పశువైద్యుణ్ని అడిగి మందు తీసుకుని, మామూలు రోజున ఒకసారి వేసి చూడాలి.

తుపాను సాగుతుండగా

బుట్టను నేల మీద కాదు, బల్ల మీద పెట్టి, గాలి ఆడేలా ముందువైపు వదిలి దుప్పటి కప్పండి. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తలుపు తీయకండి. అది తుపాను కన్ను కావచ్చు, అంటే తుపాను నడిమధ్య గాలి లేని భాగం. హుద్‌హుద్‌లో విశాఖకు జరిగింది ఇదే, గాలి ఆగి, తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. వాతావరణ శాఖ చెప్పేదాకా పిల్లి లోపలే. షెల్టర్‌కు వెళ్లాల్సి వస్తే పిల్లిని రానిస్తారో లేదో మీ ఊరి లేదా వార్డు సచివాలయం సిబ్బందిని ముందురోజే అడగండి.

తర్వాత

ఒకరోజు తినకపోతే కంగారు వద్దు. రెండు రోజులు ముట్టకపోతే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. ఉపవాసం, ముఖ్యంగా లావు పిల్లులకు, కాలేయం మీదకు వస్తుంది. ఒళ్లు వెచ్చగా ఉందని పారాసెటమాల్ అసలే వేయకండి, అది పిల్లుల ప్రాణం తీస్తుంది. వరద నీరు దిగాక ఇల్లంతా ఫినాయిల్‌తో కడుగుతారు, అదీ పిల్లికి విషమే. తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే చాలు. దాని బదులు నేలను సబ్బు నీళ్లతో కడిగి ఆరనివ్వండి.

తెగిన కరెంటు తీగలు తొలగించేదాకా, వరదకు ఇళ్ల చుట్టూ చేరిన పాములు వెళ్లేదాకా బయటకు వదలొద్దు. వానకు దాని గుర్తుల వాసన కొట్టుకుపోతుంది, దారి తప్పుతుంది. మొదటిసారి వదిలేటప్పుడు సాయంత్రం మేతకు అరగంట ముందు, ఆకలిగా ఉన్నప్పుడు వదలండి. మేత డబ్బా మీద చెంచాతో కొట్టి పిలవండి.