పిల్లి ఇసుక తొట్టి వదిలేసి ఇంట్లో మూత్రం పోస్తోందా? ముందు పోస్తుండగా చూడండి

వానలు మొదలయ్యాయంటే నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మా పిల్లి మూడేళ్లుగా బుద్ధిగా తొట్టిలోనే పోసేదండీ. వారం నుంచి పరుపు మీద పోస్తోంది. మా మీద కోపం వచ్చినట్టుంది." పాలకొల్లు నుంచి చేసినా, రావులపాలెం నుంచి చేసినా, అమలాపురం అవతల లంక ఊళ్ల నుంచి చేసినా ఇదే మాట. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: "పోస్తుండగా చూశారా?" లేదంటారు. తడి చూశారు, వాసన చూశారు, పిల్లిని తిట్టారు. ఇంతవరకూ అయింది.

పిల్లికి మన మీద కక్ష తీర్చుకునే ఆలోచన ఉండదు. దానికి నొప్పైనా ఉండాలి, భయమైనా ఉండాలి, తొట్టి నచ్చకపోవడమైనా ఉండాలి, లేదా ఆ చోటే తన చోటని ముక్కు చెబుతూ ఉండాలి. వీటిలో ఏదో తేలేది ఒక్కరోజు దాని వెనక తిరిగితేనే. తొట్టిలో ఇసుక ఎలా వెయ్యాలో, రోజూ ఎలా ఎత్తెయ్యాలో మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

మూడు సంగతులు గమనించండి. కూర్చుని పోస్తోందా, నిలబడి చిమ్ముతోందా? ఎంత పోస్తోంది? రోజుకి ఎన్నిసార్లు వెళ్తోంది? ఆరోగ్యంగా ఉన్న పిల్లి మామూలుగా రోజుకి రెండు నుంచి నాలుగుసార్లు పోస్తుంది.

మాటిమాటికీ కూర్చుంటోంది, చుక్కలే పడుతున్నాయి

మగపిల్లి అయితే ఇక్కడితో చదవడం ఆపి డాక్టరు దగ్గరికి బయలుదేరండి. తొట్టిలోకి వెళ్లి ముక్కుతుంది, అరుస్తుంది, బయటికొచ్చి కింద నాక్కుంటుంది, మళ్లీ వెళ్తుంది. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. మూత్రంలో కట్టే స్ఫటికాల ఇసుకో, జిగురు ముద్దో అడ్డం పడితే మూత్రం వెనక్కి తన్నుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె ఆగుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.

మా వీధిలో ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. పిల్లి ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని నెయ్యి నాకించారు. సాయంత్రం మెత్తబడిపోతే "నిద్రపోతోందిలే" అనుకున్నారు. తెల్లారి నాకు చూపించేటప్పటికి పొట్ట కింద నిమ్మకాయంత గట్టిగా తగిలింది. దారిలోనే పోయింది. ఆ ఇంటావిడ ప్రేమలో లోపం లేదు. తొట్టిలో తడి ఉందో లేదో చూడమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అంతే. అందుకే కనిపించినవాళ్లందరికీ చెబుతూంటాను.

బయలుదేరే ముందు ఫోన్ చేసి "పిల్లికి కేథటర్ వేస్తారా?" అని అడగండి. మన ఊళ్లలో పశువుల ఆసుపత్రులకి ఎక్కువగా వచ్చేవి గేదెలూ ఆవులూ. కేథటర్ అంటే మూత్రం బయటికి తీసే గొట్టం, పిల్లికి సరిపడే సన్ననిది అన్నిచోట్లా ఉండకపోవచ్చు. లేదంటే తిన్నగా రాజమండ్రికో, కాకినాడకో, భీమవరానికో వెళ్లడం మేలు. నొప్పి తగ్గుతుందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం వెయ్యకండి. పిల్లికి అది విషం.

ఆడపిల్లి అయినా, లేక అడ్డం ఏమీ లేదని డాక్టరు చూసి చెప్పిన మగపిల్లి అయినా, రక్తపు చాయ కనిపిస్తే మూత్ర పరీక్ష చేయించాలి. వయసులో ఉన్న పిల్లుల్లో చాలాసార్లు క్రిములేమీ కనిపించవు. బెదురు వల్ల మూత్రాశయం వాచిపోతుంది. ఇంటికి కొత్త మనుషులొచ్చినా, పెళ్లి హడావిడి జరిగినా, తుఫాను రాత్రి తలుపులు బాదుకున్నా చాలు. ఈ వాపు మామూలుగా వారం రోజుల్లో తనంతట తనే తగ్గుతుంది, మళ్లీ రావచ్చు. అందువల్ల ఆ వారంలో దిష్టి తీసినా తగ్గినట్టే ఉంటుంది, తొట్టి మార్చినా తగ్గినట్టే ఉంటుంది. మళ్లీ రాకుండా ఉండాలంటే ఒంట్లోకి నీళ్లు ఎక్కువ వెళ్లాలి. ఎండు గింజల మేత తగ్గించి, ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి ముళ్లు తీసిన చేప గానీ కోడిమాంసం గానీ ఆ ఉడికిన నీళ్లతో కలిపి పెట్టండి. ఎండుచేప వద్దు, అందులో ఉప్పు ఎక్కువ.

నిలబడి, తోక వణికిస్తూ, గోడకి చిమ్ముతోంది

ఇది హద్దు గీసుకోవడం. కర్టెను మీదో, తలుపు మీదో జానెడు ఎత్తున చార కనబడుతుంది. ఆపరేషను చేయించని మగపిల్లి అయితే చేయించండి, పదింట తొమ్మిది మానేస్తాయి. ఆపరేషను అయ్యాక కూడా చిమ్ముతుంటే కిటికీ అవతల ఎవరున్నారో చూడండి. పెరట్లో చేపలు తోమిన నీళ్లు పారబోసే ఇళ్లకి వీధిలో గండుపిల్లులు రోజూ వస్తాయి. ఆ నీళ్లు దూరంగా పొయ్యండి, కిటికీ కింది సగానికి కాగితం అంటించండి.

నిండుగా పోస్తోంది, కానీ తొట్టి పక్కన

తొట్టి నచ్చలేదు. ఎక్కువమంది గోదావరి ఇసుక వాడతారు. ఇసుక మంచిదే, మెత్తగా ఉంటుంది, పిల్లులకి ఇష్టం. కాకపోతే ఉండ కట్టదు. మూత్రం అడుక్కి దిగిపోతుంది, పైన పొడిగా శుభ్రంగానే కనిపిస్తుంది. పిల్లి రెండు గీతలు గీకేసరికి అడుగు నుంచి ఘాటు ముక్కుకి కొడుతుంది. రెండు మూడు రోజులకోసారి మొత్తం పారబోసి, తొట్టి సబ్బుతో కడిగి ఎండబెట్టాలి. ధాన్యం ఊక వెయ్యకండి, కాళ్లకి గుచ్చుకుంటుంది. కడియం నర్సరీల నుంచి కుండీలు తెచ్చుకున్నవాళ్ల పిల్లి తొట్టి మానేసి కుండీలో పోస్తుంటే, అది తనకేం కావాలో చెబుతున్నట్టే. కుండీలోని కొబ్బరిపొట్టే గుప్పెడు తెచ్చి తొట్టిలో కలపండి, కుండీ మట్టి మీద గులకరాళ్లు పరవండి. పిల్లుల కన్నా తొట్లు ఒకటి ఎక్కువ ఉండాలి. వాషింగ్ మెషీను పక్కన పెట్టకండి.

పరీక్షలు బాగున్నాయి, తొట్టి బాగుంది, అయినా అదే చోట

నన్ను మూడేళ్లు ఏడిపించింది ఇదే.

మా పిల్లి గౌరికి ఒక ఆషాఢంలో మూత్రాశయం వాచింది. వైద్యం చేయించాం, తగ్గింది. ఆ బాధలో అది పడకగదిలో టేకు బీరువా పక్కన నాలుగైదుసార్లు పోసింది. కడిగేశాం. వేసవి అంతా ఏ గొడవా లేదు. మళ్లీ జూన్‌లో వానలు పడగానే అక్కడే మొదలుపెట్టింది. డాక్టరు చూసి ఏ జబ్బూ లేదన్నారు. ఫినాయిలు వేశాను, బ్లీచింగ్ పౌడరు చల్లాను, నిమ్మకాయ నీళ్లతో తుడిచాను. నవంబరు తుఫాన్లు వెళ్లేదాకా పోసి, తర్వాత మానేసింది. నా మందు పనిచేసిందనుకున్నాను. మరుసటి ఏడాదీ అంతే.

మూడో ఏడు మా తమ్ముడి కొట్లోంచి దొంగనోట్లు చూసే నీలి లైటు (యూవీ లైటు) తెచ్చాను. రాత్రి దీపాలన్నీ ఆర్పి, కర్టెన్లు వేసి, నేల మీద వేసి చూశాను. నేను ఏళ్ల తరబడి తోమిన చోట ఏమీ లేదు. లైటు కాస్త పక్కకి తిప్పితే బీరువా వెనక కాలు, నేల నుంచి రెండు వేళ్ల ఎత్తు దాకా, పచ్చని పసుపు రంగులో మెరిసింది. అక్కడి నుంచి గచ్చు నేల పగులు వెంట సన్నని గీత బీరువా కిందికి పోయింది. దీపపు ఒత్తి నూనె పీల్చినట్టు ఆ కర్ర మూత్రాన్ని పీల్చుకుని కూర్చుంది.

కారణం ఇది. పిల్లి మూత్రంలో యూరియా నీళ్లకి కరిగిపోతుంది, కడిగితే పోతుంది. యూరిక్ ఆమ్లపు లవణాలు అలా కరగవు. పగుళ్లలో, కర్రలో, దూదిలో సన్నని పలుకులుగా మిగిలిపోతాయి. పొడిగా ఉన్నంతకాలం వాసన తెలియదు. గాలిలో చెమ్మ పెరిగితే మళ్లీ లేస్తుంది. దీనికితోడు పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే గంధకం కలిసిన పదార్థం ఉంటుంది. అది రోజులు గడిచేకొద్దీ విడిపోయి ఘాటెక్కుతుంది. మన డెల్టాలో జూన్ నుంచి నవంబరు దాకా గోడలే చెమ్మగిల్లుతాయి కదా. మన ముక్కుకి అందకపోయినా పిల్లికి ఆ మూల "ఇదే నీ చోటు" అని చెబుతూనే ఉంటుంది. వేసవిలో మానేసి వానల్లో మొదలుపెట్టే పిల్లి ఇంట్లో నేను ముందు అనుమానించేది ఈ సంగతే.

ఫినాయిలు దీన్ని తియ్యదు, పైన ఇంకో వాసన కప్పుతుంది అంతే. పైగా పిల్లి కాలేయం ఫినాల్ జాతి పదార్థాలని సరిగ్గా విరగ్గొట్టలేదు. తడి నేల మీద నడిచి కాళ్లు నాక్కుంటే అది లోపలికే పోతుంది. నల్ల ఫినాయిలైనా, నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే యాంటిసెప్టిక్ ద్రావణమైనా పిల్లి తిరిగే ఇంట్లో వద్దు. బ్లీచింగ్ వేస్తే మూత్రంలో అమ్మోనియాతో కలిసి ఊపిరికి చెడ్డ గాలి పుడుతుంది.

చెయ్యాల్సింది వరసగా చెబుతాను. ముందు 365 నుంచి 395 నానోమీటర్ల నీలి లైటుతో చీకట్లో గది మొత్తం చూడండి, అలవాటైన మూల ఒక్కటే చూసి ఆగిపోకండి. బట్టల సబ్బు మరకలు కూడా మెరుస్తాయి, కానీ నీలం తెలుపుగా. మూత్రం పసుపుగా, ఆకుపచ్చ తిరిగి కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే తడి దూదితో అద్ది వాసన చూడండి. దొరికిన మరక చుట్టూ సుద్దముక్కతో గీత గియ్యండి, దీపం వేశాక మీకు కనిపించదు.

ఇదివరకు వేసిన ఫినాయిలూ బ్లీచింగూ పోయేలా ఉత్త నీళ్లతో మూడు నాలుగుసార్లు కడిగి ఆరబెట్టండి. అవి మిగిలి ఉంటే తర్వాత వేసేది పనిచెయ్యదు. ఆ తర్వాత పెంపుడు జంతువుల కొట్లలో దొరికే ఎంజైమ్ క్లీనరు (మూత్రపు మరకని విరగ్గొట్టే ద్రావణం), మూత్రం ఎంత లోతుకి దిగి ఉంటుందో అంత లోతుకి దిగేలా పొయ్యండి. అందరూ తప్పేది ఇక్కడే. రెండు పిచికారీలు కొట్టి గుడ్డతో తుడిచేస్తారు. అది పనిచెయ్యాలంటే తడిగా ఉండాలి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రాత్రంతా వదిలెయ్యండి, తర్వాత తీసి దానంతట అదే ఆరనివ్వండి. పాత మరక అయితే మళ్లీ ఒకసారి చెయ్యాలి. బీరువా కాలికి నేను మూడుసార్లు చేశాను, బాగా ఎండాక వార్నిషు పట్టించాను.

ఎంజైమ్ దొరకకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్. మందుల షాపులో ఇచ్చేది మామూలుగా 6 శాతం ఉంటుంది, సీసా మీద చూసుకోండి. సగానికి సగం నీళ్లు కలిపి, అరలీటరుకి రెండు పెద్ద చెంచాల వంట సోడా, నాలుగు చుక్కలు గిన్నెలు తోమే ద్రావణం వేసి, అప్పటికప్పుడు పొయ్యండి. సీసాలో మూత బిగించి దాచకండి, పగులుతుంది. రంగు గుడ్డలు వెలుస్తాయి కాబట్టి మూల మీద చూసుకుని వాడండి. ఆరేదాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వకండి.

బూరుగు దూది పరుపు ఒకటి రెండుసార్లు తడిస్తే దూది తీయించి, తడిసినంత మేర పారేసి, మళ్లీ కుట్టించుకోవచ్చు. నెలల తరబడి తడిస్తే మాత్రం వదులుకోండి. కొబ్బరిపీచు పట్టాలు ఒక్కసారి తడిసినా ఉంచకండి. వాటి కోసం పడే శ్రమ వృథా.

ఇవి కావనుకుంటే

ముసలి పిల్లి నీళ్లు తెగ తాగి వరదలా పోస్తుంటే కిడ్నీలకో, షుగరుకో, థైరాయిడ్‌కో రక్తపరీక్ష చేయించండి. కీళ్ల నొప్పులుంటే తొట్టి అంచు ఒకపక్క తగ్గించండి. నరాల జబ్బులు అరుదు, అది డాక్టరు తేల్చాలి.

శుభ్రం చేసిన చోట రెండు వారాలు పిల్లి అన్నం గిన్నె పెట్టండి, తినేచోట అది మామూలుగా పొయ్యదు. గిన్నె పెట్టినా అక్కడికే వస్తుంటే గిన్నె తీసేసి తొట్టినే అక్కడ పెట్టండి. వారం రోజులు తొట్టి వాడాక రోజుకో బెత్తెడు చొప్పున దాని అసలు చోటికి జరుపుకురండి. వానపడి గాలి చెమ్మగిల్లిన రాత్రి ఇంకొకసారి నీలి లైటు వేసి చూడండి. ఎక్కడా మెరవకపోతే మడిచి పెట్టిన తివాచీ మళ్లీ పరుచుకోవచ్చు.