తొలకరికి ముందే ఏటీవీ చైన్ సంగతి చూసుకోండి

మామిడి కోతలు ముగిసి, నున్న మామిడి మార్కెట్‌కి లోడ్లు పలచబడే రోజుల్లో విజయవాడ ఆటోనగర్‌లోని మా రిపేరు షెడ్డుకి తోటల్లో తిప్పే ఏటీవీలు, అంటే లావు టైర్ల నాలుగు చక్రాల చిన్న బళ్ళు, ఒక్కొక్కటే వస్తాయి. రెండు నెలలపాటు వెనక చిన్న ట్రాలీ తగిలించుకుని ట్రేలు లాగిన బళ్ళు. తెచ్చినవాళ్ళు చెప్పే మాట దాదాపు ఒకటే. "చైన్ నిలవట్లేదన్నా. పొద్దున బిగిస్తే సాయంత్రానికి మళ్ళీ వేలాడుతోంది."

ఈ పని జూన్ వానలకి ముందే ఎందుకు చేయించుకోమంటానంటే, ఎండాకాలంలో లూజు చైన్ చప్పుడుతో సరిపెడుతుంది. బురదలో అయితే స్ప్రాకెట్ పళ్ళ మీదకెక్కి ఊడిపోతుంది. ఊడిన చైన్ ముందు స్ప్రాకెట్ దగ్గర ముద్దగా చుట్టుకుంటే ఇంజన్ కేసు పగలొచ్చు. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. ఏటీవీకి వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. చైన్ ఎక్కడైనా ఇరుక్కుంటే రెండు చక్రాలూ ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. తడిసిన కాలవ గట్టు మీద అలా జరిగితే బండిని నిలపడం ఎవరి తరమూ కాదు.

అందుకే ముందుగా చెప్పేది: చైన్ మాటిమాటికీ లూజవుతుంటే మాటిమాటికీ బిగించడం మందు కాదు. ఏదో ఒకటి కదులుతోంది, లేదా అరుగుతోంది. ఆ రెండింట్లో ఏదో తేల్చుకోవాలి. దానికి మిషన్లు అక్కర్లేదు, ఇంట్లో ఉండే గోళ్ళరంగు సీసా చాలు.

ఎలాగో చెప్తాను. చాలా ఏటీవీల్లో వెనక ఇరుసు ఒక గుండ్రటి హౌసింగ్‌లో కూర్చుంటుంది. ఆ హౌసింగ్‌లో ఇరుసు పోయే రంధ్రం సరిగ్గా నడిమధ్యన ఉండదు, ఓ పక్కకి జరిగి ఉంటుంది. హౌసింగ్‌ని తిప్పితే ఇరుసు వెనక్కి వెళ్తుంది, చైన్ బిగుస్తుంది. తిప్పాక అది అక్కడే ఆగడానికి స్వింగ్ ఆర్మ్ (వెనక ఇరుసుని మోసే ఇనుప చెయ్యి) చివరి చెవులు దాన్ని పట్టుకుంటాయి. ఆ చెవుల్ని దగ్గరికి లాగి బిగించేవే పించ్ బోల్టులు. కొన్ని చిన్న బళ్ళకి మాత్రం మోటార్ సైకిల్‌లాగా పొడుగు గాడి, వెనక అడ్జస్టర్ బోల్టు ఉంటాయి. ఏ రకమైనా సరే, చైన్ సరిచేసి బోల్టులు బిగించాక హౌసింగ్ మీదనుంచి స్వింగ్ ఆర్మ్ మీదకి గోళ్ళరంగుతో ఒక అడ్డగీత గీయండి. ఇంజన్ మౌంటింగ్ బోల్టుల మీద, ఇరుసు నట్ల మీద కూడా ఒక్కో గీత. ఒకరోజు మామూలుగా బండి తిప్పండి. సాయంత్రం చైన్ లూజయ్యాక గీతల్ని చూడండి. గీత తెగి రెండు ముక్కలూ పక్కకి జరిగితే ఆ భాగం కదులుతోందన్నమాట. గీతలన్నీ నిలిచి ఉంటే కదలిక లేదు, అరుగుదల వెతకాలి. సగం తంటా ఇక్కడే తీరిపోతుంది.

హౌసింగ్ గీత జరిగిందనుకోండి. బండి లాగినప్పుడల్లా చైన్ పైవరస ఇరుసుని ముందుకి గుంజుతుంది. పించ్ బోల్టుల పట్టు చాలకపోతే హౌసింగ్ కొంచెం కొంచెం తిరిగి ఇరుసు ముందుకొచ్చేస్తుంది. కిందటేడు నున్న అవతలి తోటలోంచి ఒక బాబాయి ఇదే తంటాతో ఒకే బండిని రెండు వారాల్లో మూడుసార్లు తెచ్చాడు. వేరేచోట కొత్త చైన్ వేయించాడు, స్ప్రాకెట్లు మార్పించాడు, డబ్బు పోయింది. విప్పి చూస్తే రెండు చెవులూ ఒకదానికొకటి తగిలిపోయి ఉన్నాయి. చెవుల మధ్య సందు లేకపోతే బోల్టు ఎంత బిగించినా ఆ బలం హౌసింగ్‌కి చేరదు. చేతికి మాత్రం బోల్టు రాయిలా బిగిసినట్టే ఉంటుంది. ఇన్నిసార్లు మోసపోయేది అందుకే. ఎప్పుడో ఎవరో పానాకి పైపు తొడిగి బలంగా లాగారు, చెవులు సాగిపోయాయి. దయచేసి పైపు తొడగకండి. మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి (బిగింపు బలం కొలతకి) బిగించి, బోల్టు మరకు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేస్తే చాలు. చెవులు సాగిపోయి ఉంటే స్వింగ్ ఆర్మ్ మార్చడమే సరైన పని. సందులో రేకు ముక్క కుక్కి పంపడం నేను చేయను, వానాకాలంలో అసలే చేయను. ఇంకో మాట, హౌసింగ్ బయటి అంచుకి మందంగా గ్రీజు పూయకూడదు. అక్కడ కావాల్సింది పట్టు. తుప్పు, మట్టి గీకి శుభ్రం చేసి కూర్చోబెట్టండి.

ఇంజన్ మౌంటింగ్ బోల్టుల్ని చాలామంది పట్టించుకోరు. అవి వదులైతే ఇంజన్ వెనక్కి జరిగి ముందు స్ప్రాకెట్ వెనక స్ప్రాకెట్‌కి దగ్గరవుతుంది. మీకు కనిపించేది మాత్రం చైన్ లూజే.

గీతలన్నీ చెక్కు చెదరకుండా ఉంటే చైన్ దగ్గరికి రండి. చైన్ సాగిందంటాం గానీ ఉక్కు రేకులు సాగవు, లోపలి పిన్నులూ బుష్‌లూ అరుగుతాయి. ఒక్కో లింకు దగ్గర 0.1 మి.మీ. అరిగితే 100 లింకుల చైన్ 10 మి.మీ. పొడుగవుతుంది. అంత తక్కువ అరుగుదల కంటికి కనపడదు, కొలవాలి. చైన్‌ని బిగువుగా లాగి పట్టుకుని, ఒక పిన్ను మధ్యనుంచి, దాన్నే ఒకటిగా లెక్కపెట్టి, 21వ పిన్ను మధ్యకి కొలవండి, అంటే 20 లింకులు. 428 నంబరు చైన్ కొత్తగా ఉన్నప్పుడు 254 మి.మీ. వస్తుంది, 259 దాటితే తీసేయండి. 520 చైన్‌కి కొత్తలో 317.5, మార్చాల్సిన హద్దు 323. నంబరు చైన్ రేకు మీదే కొట్టి ఉంటుంది. మీ బండి మాన్యువల్ ఇంకా తక్కువ హద్దు చెబితే దాన్నే పాటించండి. చైన్ అంతా ఒకేలా అరగదు కాబట్టి రెండు మూడు చోట్ల కొలవండి.

కొత్త చైన్ వేసినప్పుడు మొదటి కొన్ని గంటల్లో ఒకసారి లూజవడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. రెండోసారి, మూడోసారి అవుతుంటే మాత్రం స్ప్రాకెట్లు చూడండి. పళ్ళు కొక్కేల్లా ఒక పక్కకి వంగాయంటే ఆ పాత పళ్ళు కొత్త చైన్‌ని తినేస్తాయి. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చడమే చివరికి తక్కువ ఖర్చు. ఆ మిగిలిన డబ్బుకోసం చైన్ ఒక్కటే మార్చినవాళ్ళు ఆరునెలలు తిరక్కుండా మళ్ళీ వస్తారు.

ఇరుసు బేరింగ్‌కి వెనకభాగం పైకెత్తి, చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. టకటకమని కదలిక తెలిస్తే బేరింగో, ఇరుసు నట్టో వదులైనట్టు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా నీళ్ళు నిలిచాక, ఆ తర్వాతి నెలల్లో మేం విప్పిన బేరింగుల్లో గ్రీజు పాలు విరిగినట్టు తెల్లగా మారిపోయి ఉంది. పైకి చూస్తే బండి శుభ్రంగా కడిగి తళతళలాడుతోంది. మీ బండి ఇరుసు మునిగేంత నీళ్ళలో నిలబడి ఉంటే, బాగానే నడుస్తున్నా సరే, ఒకసారి విప్పించి సీళ్ళూ గ్రీజూ మార్పించండి.

నూజివీడు వైపు ఎర్రనేలకీ, గుంటూరు వైపు నల్లరేగడికీ తేడా ఉంది. ఎర్రమట్టిలోని ఇసుక చైన్‌ని ఆకురాయిలా అరగదీస్తుంది. రేగడి బురద ఇంకోలా చెరుపుతుంది. స్ప్రాకెట్ పళ్ళ మధ్య ముద్దలుగా పేరుకుని చైన్‌ని పైకెత్తి పట్టుకుంటుంది, అప్పుడు చైన్ తీగలా బిగిసిపోయి అరుగుదల పెరుగుతుంది. బురద కడిగేశాక లూజు బయటపడుతుంది. అందుకని రేగడిలో తిప్పేవాళ్ళు మాన్యువల్ ఇచ్చిన చైన్ వదులు కొలతలో ఎక్కువ ఉన్న వైపు పెట్టుకోండి. చిన్న బళ్ళకి మామూలుగా ఆ కొలత 20 నుంచి 35 మి.మీ. మధ్య ఉంటుంది. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపి, సీటు మీద ఒక మనిషిని కూర్చోబెట్టి చూడండి. ఖాళీ బండి మీద సరిపోయిన చైన్ మనిషెక్కగానే బిగుసుకోవచ్చు. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ బాగా బిగువుగా ఉన్న చోట కొలవండి. మరీ బిగువుగా పెడితే గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్‌కి దెబ్బ, చైన్ కూడా తొందరగా పోతుంది.

ఇంజన్‌లోంచి తీసిన పాత నల్ల ఆయిల్ చైన్‌కి పూసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దాంట్లో ఇనుప పొడి ఉంటుంది, ఇసుకని కూడా అంటించుకుంటుంది. కిరోసిన్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడిగి, తుడిచి, 90 గేర్ ఆయిల్ గానీ చైన్ స్ప్రే గానీ కింది వరస లోపలివైపు పట్టించండి. ఓ-రింగ్ చైన్‌కి (లింకుల మధ్య రబ్బరు రింగులుండే చైన్) పెట్రోలు, ఇనుప బ్రష్ తగలనివ్వకండి. ప్రెజర్ వాష్ కొట్టేటప్పుడు నీటిధార ఇరుసు సీళ్ళ మీదకి నేరుగా పెట్టొద్దు.

చేతుల సంగతి మర్చిపోకండి. ఇంజన్ ఆన్‌లో పెట్టి, గేరులో చక్రం తిరుగుతుండగా గుడ్డతో చైన్ తుడవడం నా కళ్ళారా చూశాను. గుడ్డ అంచు పళ్ళ మధ్య పడిందంటే వేలు కూడా లోపలికి వెళ్తుంది, చెయ్యి వెనక్కి లాక్కునే సమయం ఉండదు. తాళం తీసి జేబులో వేసుకోండి, న్యూట్రల్‌లో పెట్టండి, చక్రాన్ని చేత్తో తిప్పండి. వెనక రెండు చక్రాలూ లేపాలి కాబట్టి ముందు చక్రాలకి చెక్క అడ్డం పెట్టి, గట్టి నేల మీదే స్టాండు నిలపండి. ఇటుకల మీద నిలబెట్టొద్దు, తడి నేలలో అవి పగిలి బండి పక్కకి పడుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

వాన పడ్డాక తోటకి వెళ్తుంటే సీటు కింద పించ్ బోల్టుకి సరిపోయే పానా, ఒక చైన్ లాక్ (చైన్ రెండు కొసల్నీ కలిపే క్లిప్పు లింకు), గుడ్డ, తాడు పెట్టుకోండి. లాక్ క్లిప్పు తెరిచిన వైపు చైన్ నడిచే దిశకి వెనకవైపు ఉండాలి, తిరగేసి పెడితే రాయి తగిలి ఊడొస్తుంది. దారిలో చైన్ ఊడితే మళ్ళీ ఎక్కించి ఇంటిదాకా నెమ్మదిగా వచ్చేయొచ్చు గానీ, ట్రాలీ మాత్రం అక్కడే విప్పేసి రండి.